బంకు మారిస్తే మైలేజ్ పెరుగుతుందా? 24 ట్యాంకులు కొట్టించి చూశాను

మా బావగారిదీ నాదీ ఒకే మోడల్ డీజిల్ కారు. ఆయన ఎప్పుడు కలిసినా ఇదే మాట: "ఒరేయ్, నేను కొట్టించే బంకులో ప్రీమియం డీజిల్ కొట్టించి చూడరా. లీటరుకు దగ్గర దగ్గర కిలోమీటరు ఎక్కువ ఇస్తోంది. పికప్ అయితే చెప్పక్కర్లేదు." ఆయన ఊరికే అనే మనిషి కాదు, ప్రతి ట్యాంకూ డైరీలో రాసుకుంటారు. ఆ డైరీ నేనూ చూశాను. మామూలు డీజిల్‌కు 17.6, ప్రీమియంకు 18.4 అని స్పష్టంగా ఉంది. అందుకే కొట్టిపారేయలేకపోయాను. నేనే తేల్చుకుందామనుకున్నాను.

నా కారు తొమ్మిదేళ్లది. 1.6 లీటర్ల కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ను ఒకే గొట్టంలో బాగా ఒత్తిడితో నింపి అన్ని సిలిండర్లకూ చిమ్మే రకం), ఓడోమీటర్ మీద 1,60,000 దాటింది. ఉద్యోగానికి రోజూ రానుపోను 120 కిలోమీటర్లు తిరుగుతాను. అదే రోడ్డు, దాదాపు అదే టైము, బండిలో నేనొక్కడినే. ఇలాంటి పోలికకు ఇంతకన్నా అనువైన పరిస్థితి దొరకదనిపించింది.

మూడు రకాల డీజిల్ తీసుకున్నాను. మొదటిది పేరున్న పెద్ద కంపెనీ బంకులో మామూలు డీజిల్. రెండోది ఎవరికీ పెద్దగా తెలియని చిన్న కంపెనీ బంకులో కాస్త చవకగా దొరికే మామూలు డీజిల్. మూడోది మొదటి కంపెనీదే, అడిటివ్‌లు, అంటే పనితీరు కోసం వేసే మందులు కలిపి ఎక్కువ రేటుకు అమ్మే ప్రీమియం. ఒక్కొక్కటి వరసగా ఆరు ట్యాంకులు కొట్టించాను. చివర్లో మళ్లీ మొదటి దానికే వచ్చి ఇంకో ఆరు. మొత్తం 24 ట్యాంకులు, 19,295 కిలోమీటర్లు, ఏడు నెలల పైన పట్టింది. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒకే పేరున్న రెండు బంకుల మధ్య తేడా, రెండు పేర్ల మధ్య తేడా కన్నా ఎక్కువ ఉండొచ్చని నాకు ఇదివరకే అనుభవమైంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు నురగ గురించి చెప్పాలి. మా బావగారి డైరీలో చిక్కు అక్కడే ఉంది.

డీజిల్ కొట్టిస్తున్నప్పుడు ట్యాంకు మూతి దగ్గర చెవి పెట్టి వింటే తెలుస్తుంది. మొదట బోలుగా ధార పడుతున్న చప్పుడు, నిండేకొద్దీ సన్నబడి, చివర్లో బుసబుసమని నురగ పైకి తన్నుకొస్తుంది. ఆ నురగ నాజిల్ కొసను తాకగానే గన్ టక్కుమని ఆగిపోతుంది. మీటరు ఆగింది కాబట్టి ట్యాంక్ ఫుల్ అనుకుంటాం. ఒక నిమిషం ఆగి చూస్తే నురగ దిగిపోయి లోపల ఇంకా చోటు కనిపిస్తుంది. ప్రీమియం డీజిల్‌లో కలిపే మందుల్లో నురగను అణిచేది కూడా ఒకటి ఉంటుంది. అంటే ప్రీమియం కొట్టిస్తే గన్ కాస్త ఆలస్యంగా ఆగుతుంది, ట్యాంకులోకి కొంచెం ఎక్కువ పడుతుంది. కస్టమర్‌కు అది మేలే, చేతికీ బండికీ డీజిల్ చిందదు. కానీ మైలేజ్ లెక్కను మాత్రం తలకిందులు చేస్తుంది.

ఎలాగో చూడండి. బండి నిజానికి ఏ డీజిల్‌తో అయినా 18 కిలోమీటర్లే ఇస్తుందనుకుందాం. మామూలు డీజిల్ నురగ వల్ల ట్యాంకు ఒక లీటరు తక్కువగా నిండుతుందనుకుందాం. మామూలు డీజిల్‌తో 810 కిలోమీటర్లు తిరిగారు, 45 లీటర్లు కాలాయి. ఇప్పుడు ప్రీమియం కొట్టిస్తే 45 బదులు 46 లీటర్లు పడుతుంది. 810ని 46తో భాగిస్తే 17.6. ఈ తక్కువ మైలేజ్ ఎవరి ఖాతాలో పడింది? మామూలు డీజిల్ ఖాతాలో. మళ్లీ 810 తిరిగి ఈసారి మామూలు డీజిల్ కొట్టించారు. నురగ తొందరగా వచ్చింది, 44 లీటర్లకే గన్ ఆగింది. 810ని 44తో భాగిస్తే 18.4. ఈ ఎక్కువ మైలేజ్ ప్రీమియం ఖాతాలోకి వెళ్లింది. డీజిల్‌లో రవ్వంత తేడా లేకపోయినా, కేవలం ఒక లీటరు నురగ లీటరుకు 0.8 కిలోమీటర్ల తేడా చూపించింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లూ తప్పు ప్రీమియం వైపే మొగ్గింది.

మా బావగారి డైరీలో ఉన్న అంకెలు సరిగ్గా ఇవే, 17.6, 18.4. ఆయన ఒక ట్యాంకు అది, ఒక ట్యాంకు ఇది మార్చి మార్చి కొట్టించి పోల్చారు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎంతమంది ఇదే పద్ధతిలో రాసుకుని ఇదే నమ్ముతున్నారో కదా అనిపించింది.

దీనికి విరుగుడు ట్యాంకును మూతి దాకా కుక్కి నింపడం కాదు. వేడికి డీజిల్ వ్యాకోచిస్తుంది, దానికి చోటు వదలాలి. అసలు విరుగుడు ఒకే డీజిల్‌ను వరసగా చాలా ట్యాంకులు కొట్టించి మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించడం. అప్పుడు నురగ తప్పు మొదట్లో చివర్లో మాత్రమే ఉంటుంది. నా లెక్కలో ఆరు ట్యాంకులకు 267 లీటర్ల పైన పట్టింది, అందులో ఒక లీటరు అటూ ఇటూ అయినా అర శాతం కూడా కాదు. ఏ రకానికి ఆ రకం ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే చోట ఆపడం, మొదటి టక్కుకే వదిలేయడం, ఇవన్నీ ఒక వ్రతంలా పాటించాను.

ఫలితాలు ఇవీ. పెద్ద కంపెనీ మామూలు డీజిల్: 4,870 కిలోమీటర్లు, 267.6 లీటర్లు, మైలేజ్ 18.2. చిన్న బంకు మామూలు డీజిల్: 4,815 కిలోమీటర్లు, 267.5 లీటర్లు, మైలేజ్ 18.0. ప్రీమియం: 4,850 కిలోమీటర్లు, 268 లీటర్లు, మైలేజ్ 18.1.

మూడూ ఒకటే. 0.1, 0.2 తేడాలు నా ట్రాఫిక్, ఎదురుగాలి, ఏసీ వాడకంలో కలిసిపోతాయి. మామూలు దానికన్నా ప్రీమియం 8 శాతం ఎక్కువ రేటు ఉందనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావాలంటే మైలేజ్ 18 నుంచి దాదాపు 19.5కి పోవాలి. దాని దరిదాపులకు కూడా రాలేదు.

కానీ నన్ను ఆలోచనలో పడేసింది నాలుగో అంకె. మొదటి బంకులోనే, అదే పంపు దగ్గర, అదే మామూలు డీజిల్‌ను చలికాలంలో మళ్లీ ఆరు ట్యాంకులు కొట్టిస్తే 4,760 కిలోమీటర్లకు 278.4 లీటర్లు పట్టింది. మైలేజ్ 17.1. బ్రాండ్ మారినప్పుడు రాని తేడా నెలలు మారితే వచ్చింది! ఈ ఆరు ట్యాంకులూ ప్రీమియం కొట్టించిన వెంటనే వచ్చాయి కాబట్టి, ప్రీమియం అంకె పక్కన ఈ నాలుగో అంకెను పెట్టి చూసేవాడెవడైనా "చూశావా, ప్రీమియం మానేయగానే మైలేజ్ పడిపోయింది" అని తప్పకుండా అంటాడు. కానీ అసలు కారణం చలి. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువ దూరం పడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి బండికి అడ్డు ఎక్కువ, టైర్లలో గాలి కూడా తగ్గుతుంది. చలి దేశాల్లో అయితే డీజిల్ గడ్డకట్టకుండా శీతాకాలానికి వేరే రకం అమ్ముతారు, అది కాస్త పలచన కాబట్టి లీటరుకు శక్తి కూడా కొంచెం తక్కువే.

ఈ పలచన, చిక్కన అనేదే అసలు కీలకం. మనం డీజిల్‌ను లీటర్లలో కొంటాం, ఇంజిన్‌కు కావలసిందేమో శక్తి. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. సాంద్రత ఎక్కువుంటే అదే లీటరులో ఎక్కువ బరువు, ఎక్కువ శక్తి. యూరప్‌లో డీజిల్‌కు ఈఎన్ 590 అనే ప్రమాణం ఉంది. మామూలు వాతావరణానికి అమ్మే డీజిల్ 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 820 నుంచి 845 కిలోల మధ్య ఉండాలని అది చెప్తుంది. అంటే నిబంధనలకు పూర్తిగా లోబడి ఉన్న రెండు లోడ్ల మధ్యే సాంద్రతలో 3 శాతం తేడా ఉండొచ్చు. ఒకే బంకుకు ఈ వారం వచ్చిన లోడ్, వచ్చే వారం వచ్చే లోడ్ కూడా అలా ఉండొచ్చు. దానికి బోర్డు మీద పేరుతో సంబంధం లేదు. చాలాచోట్ల వేర్వేరు కంపెనీల ట్యాంకర్లు ఒకే డిపోలో, ఒకే ట్యాంకు నుంచి నింపుకుంటాయి. ట్యాంకర్‌లోకి ఎక్కించేటప్పుడు ఏ కంపెనీ అడిటివ్ ఆ కంపెనీ లోడ్‌లో కలుపుతారు. నూనె ఒకటే, తాలింపు వేరన్నమాట.

బయోడీజిల్ కలిపే శాతం కూడా చూసుకోవాలి. లీటరు బయోడీజిల్‌లో శక్తి మామూలు డీజిల్ కన్నా సుమారు 8 శాతం తక్కువ. 7 శాతం కలిపితే తేడా కంటికి ఆనదు, ఒక శాతం కూడా ఉండదు. 20 శాతం కలిపితే ఒకటిన్నర శాతం దాకా పోతుంది. పంపు మీద బీ7, బీ20 అని రాసి ఉంటే ప్రచార బోర్డు కన్నా ముందు అది చదవండి.

ఇక సీటేన్. ప్రీమియం అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ఇదే. సీటేన్ నంబర్ అంటే ఇంజెక్టర్ డీజిల్ చిమ్మిన తర్వాత అది ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే కొలత. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, అదిమిన గాలి వేడికే అంటుకోవాలి కాబట్టి ఈ గుణం కావాలి. యూరప్ ప్రమాణంలో కనీసం 51, అమెరికాలో కనీసం 40 ఉండాలి. నంబర్ తక్కువైతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ, కటకటమనే చప్పుడు. నంబర్ తగినంత ఉన్నాక ఇంకా పెంచితే బలం పెరగదు. సీటేన్ శక్తికి కొలత కాదు. దీనికి నాకు తెలిసిన మంచి రుజువు హెచ్‌వీఓ, అంటే వంటనూనెలు, కొవ్వులను హైడ్రోజన్‌తో శుద్ధి చేసి తయారుచేసే డీజిల్. దాని సీటేన్ 70 పైనే. కానీ సాంద్రత 780 దగ్గరే ఉంటుంది కాబట్టి లీటరుకు మైలేజ్ మామూలు డీజిల్ కన్నా కొన్ని శాతం తగ్గుతుంది.

ఇదంతా చదివి ప్రీమియం డీజిల్ దండగ అని తేల్చేయకండి. నేనూ తేల్చలేదు. అది చేసే పని వేరు.

కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ 1,600 నుంచి 2,000 బార్, కొన్నిట్లో ఇంకా ఎక్కువ ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి) ఇంజెక్టర్ రంధ్రాల్లోంచి దూసుకెళ్తుంది. ఆ రంధ్రం వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు చిల్లర, తల వెంట్రుక కన్నా కాస్త పెద్దది. అంత సన్నటి దారిలో మసి గట్టిపడితే ధార గతి తప్పుతుంది. యూరప్‌లో డీజిల్ ఇంజెక్టర్లను ఎంత మసి పట్టిస్తుందో చూడటానికి ప్యూజో డీడబ్ల్యూ10 ఇంజిన్ మీద ఒక పరీక్ష చేస్తారు. డీజిల్‌లో కిలోకు 1 మిల్లీగ్రాము జింక్ కలిపి కావాలనే మసి పట్టేలా చేసి, ఇంజిన్ బలం ఎంత పడిపోయిందో కొలుస్తారు. కిలోకు ఒక్క మిల్లీగ్రాముకే తేడా వస్తుందంటే ఆ రంధ్రాలు ఎంత సున్నితమో అర్థం చేసుకోవచ్చు. ప్రీమియంలో కలిపే డిటర్జెంట్ ఈ మసిని పట్టనివ్వదు, పట్టినదాన్ని నెమ్మదిగా వదిలిస్తుంది. దాని అసలు విలువ అదే.

నా బండి విషయంలో అది కనబడింది కూడా. ప్రీమియం మొదలుపెట్టే ముందు మా మెకానిక్ స్కానర్ పెట్టి నాలుగు ఇంజెక్టర్ల కరెక్షన్ అంకెలు చూపించాడు. ఏ సిలిండర్ సరిగా లాగడం లేదో కనిపెట్టి, దానికి డీజిల్ కాస్త ఎక్కువో తక్కువో ఇచ్చి కంప్యూటర్ సర్దుతుంది కదా, ఆ అంకెలు. మిగతా మూడు సిలిండర్లూ ఒకటి లోపే ఉన్నాయి, మూడో నంబరు సిలిండర్‌ది మాత్రం ప్లస్ 2.3. ఆరు ట్యాంకులయ్యాక చూస్తే అది ప్లస్ 1.5. పొద్దున్నే స్టార్ట్ చేయగానే మొదటి అర నిమిషం వచ్చే కటకట తగ్గింది. ఐడిల్‌లో స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తెలిసే సన్నటి వణుకు కూడా తగ్గింది. మైలేజ్ పెరగలేదు, బండి మాత్రం నిమ్మళంగా నడుస్తోంది. పికప్ గురించి నిజాయితీగా చెప్పాలంటే, ఓవర్‌టేక్ చేసేటప్పుడు నాకే తేడా తెలియలేదు.

ఒక చిన్న సంగతి. డీజిల్‌లో గంధకం తీసేసే ప్రక్రియలో దాని సహజమైన జిడ్డు గుణం కూడా పోతుంది. అందుకని ఇంజిన్‌లోని డీజిల్ పంపు అరగకుండా జిడ్డు గుణానికి కనీస ప్రమాణం పెట్టారు, అది మామూలు డీజిల్‌కూ తప్పనిసరి. "మామూలు డీజిల్ కొట్టిస్తే పంపు అరిగిపోతుంది" అని ఎవరైనా భయపెడితే టెన్షన్ పడకండి.

ఇప్పుడు మొదట్లో ఆపిన సంగతి. ఈ పరీక్షకు రెండేళ్ల ముందు, ఒక దూర ప్రయాణంలో దారిలో కనిపించిన బంకులో ట్యాంక్ ఫుల్ చేయించాను. పేరున్న కంపెనీదే, బోర్డు మెరిసిపోతోంది. కానీ పంపుల దగ్గర ఒక్క బండి లేదు. నలభై కిలోమీటర్లు వెళ్లాక బండి ఉలిక్కిపడుతున్నట్టు కుదుపులు మొదలయ్యాయి, ఫిల్టర్‌లో నీళ్లున్నాయని డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, తర్వాత ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. మెల్లగా పక్కకు తీసి ఆపాను. వచ్చిన మెకానిక్ ఫిల్టర్ కింది మర తిప్పి ఒక గాజు సీసాలోకి పట్టాడు. ఆ సీసా ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. పైన లేత పసుపు డీజిల్, అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, రెండింటి నడుమ గోధుమ రంగు జిగురు పొర. సీసా వంచితే ఆ పొర తెగకుండా చర్మంలా ఊగింది. "ఇది నాచు లాంటిది సార్, నీళ్లూ డీజిలూ కలిసేచోట పెరుగుతుంది. ఏ బ్రాండు అని అడక్కండి సార్, ఆ బంకు ట్యాంకు ఎన్నాళ్ల నుంచి కడగలేదో అడగండి" అన్నాడు. నీళ్లకు జిడ్డు ఉండదు. కామన్ రైల్ పంపులో లోహాలు రాసుకోకుండా కాపాడేది డీజిలే. ఇంకో పది కిలోమీటర్లు మొండిగా నడిపి ఉంటే పంపు, దాని వెనకే ఇంజెక్టర్లు పోయేవన్నాడు. ట్యాంకు దించి కడిగి, ఫిల్టర్ మార్చి, రెండు రోజులకు బండి చేతికిచ్చాడు. ఆ రెండు రోజులూ నేను పడ్డ ఆందోళన మామూలుది కాదు.

అందుకే నేను బంకును ఎంచుకునేటప్పుడు పేరు కన్నా ముందు చూసేది రద్దీ. లారీలు, వ్యాన్లు వరసకట్టే బంకులో సరుకు నిలవ ఉండదు. భూమిలోని ట్యాంకులో గాలి చోటు ఎంత ఎక్కువుంటే, ఎన్ని రోజులు నిలవుంటే, తేమ నీరుగా మారే అవకాశం అంత ఎక్కువ. బయోడీజిల్ కలిసిన డీజిల్ తేమను ఇంకాస్త ఎక్కువ పట్టుకుంటుంది. ట్యాంకర్ లోడ్ దించుతుంటే నేను ఆగను, అడుగున పేరుకున్నది కదిలి ఉంటుంది, ఇంకో బంకు చూసుకుంటాను.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, రద్దీగా ఉండే ఆ చిన్న బంకులోనే మామూలు డీజిల్ కొట్టిస్తున్నాను. చవక, ఏడు నెలల్లో ఆరు ట్యాంకులు వాడినా ఫిల్టర్‌లో నీటిచుక్క పడలేదు. స్కానర్‌లో ఆ మూడో సిలిండర్ అంకె మళ్లీ 2 దాటితే నాలుగైదు ట్యాంకులు ప్రీమియం కొట్టిస్తాను. మీ బండి కొత్తదైతే, రోజూ హైవే మీద వేడిగా పరిగెత్తేదైతే ప్రీమియం అవసరం తక్కువ. పాత బండి, ఊళ్లో ఆగుతూ పోతూ తిరిగేది, పొద్దున్నే చప్పుడు చేసేది అయితే ఆరు ట్యాంకులు ఓపికపట్టి చూడండి, ఒక్క ట్యాంకుతో ఏమీ తేలదు. మైలేజే కావాలంటే మాత్రం 100 వేగాన్ని 80కి దించండి. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 100 దగ్గర అది 80 దగ్గరకన్నా ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. ఏ బ్రాండూ ఆ తేడాను పూడ్చలేదు.

నురగ లెక్క మా బావగారికి కాగితం మీద వేసి చూపించాను. రెండుసార్లు భాగించి చూసుకున్నారు, ఏమీ అనలేదు. మర్నాడు ఫోన్ చేసి "ఒరేయ్, ఆరు ట్యాంకులు మామూలుది, ఆరు ట్యాంకులు ప్రీమియం, మొత్తం కలిపి భాగించాలి, అంతేగా?" అన్నారు. అంతే బావగారూ అన్నాను. మామూలు డీజిల్‌తో నాలుగో ట్యాంకు నడుస్తోంది, ఇప్పటికి 17.9 అట.